రెండు వార్డుల నడుమ

మొయినాబాదు చుట్టుపక్కల సాలమ్మ పాట వినకుండా ఏ బిడ్డా తొట్టెలెక్కలేదని చెప్పుకునేవారు. అది పూర్తిగా నిజం కాదు గాని చాలావరకు నిజమే. బిడ్డ పుట్టిందని తెలిస్తే ఆమె చప్పట్లు కొట్టుకుంటూ వచ్చేది. బిడ్డను రెండు చేతుల్లోకి తీసుకుని, జోల పాడి, నుదుటి మీద మెల్లగా ఊదేది. ఆ ఊపిరి సోకితే బిడ్డకు దిష్టి తగలదని తల్లుల నమ్మకం. ఆ ఒక్కపూట ఆమె ఎవరింట్లోనైనా నడిమింటి దాకా పోవచ్చు. మర్నాడు అదే ఇంటి ముందు నుంచి నడిచిపోతే తలుపు దగ్గరికి వేసుకునేవారు.

ఆమె పుట్టింది ఎంకపల్లిలో, ఒక క్రైస్తవ కుటుంబంలో. తల్లిదండ్రులు పెట్టిన పేరు మోషే. మీసాలు రావలసిన వయసులో ఆ పేరును ఊళ్లోనే వదిలి, నాయనమ్మ పేరు తీసుకుని, చీర కట్టుకుని, మొయినాబాదు చివర హిజ్రాలుండే గుడిసెలకు చేరింది. హిజ్రాల ఆచారం ప్రకారం జరిగే కోత అక్కడే, ఒక ముసలి గురువు చేతుల మీద జరిగింది. పైన గాయం మానింది. లోపల మూత్రం దారి మాత్రం ఏడాదికేడాది ఇరుకవుతూ వచ్చింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి ఎవరున్నారు గనక?

అది 1969 ఎండాకాలం. ప్రత్యేక తెలంగాణ కావాలని ఊళ్లన్నీ ఊగిపోతున్నాయి. బస్సులు లేవు. హైదరాబాదులో కర్ఫ్యూ. పగలంతా రోడ్డు ఖాళీగా పడి ఉండేది, ఎండ తప్ప దాని మీద నడిచేవాళ్లు లేరు. అట్లాంటి రోజుల్లో సాలమ్మకు మూత్రం ఆగిపోయింది. పొట్ట ఉబ్బి, ఒళ్లు కాలిపోతూ, ఆమె గుడిసెలో చాప మీద మెలికలు తిరిగింది.

ఆమె దగ్గర సక్కుబాయి అనే పడుచు శిష్యురాలు ఉండేది. సాలమ్మను అమ్మా అని పిలిచేది. ఆ పిల్ల పొలాలకు అడ్డంపడి ఎంకపల్లికి పోయి, సాలమ్మ తమ్ముడు పేతురు ఇంటి ముందు నిలబడింది. పేతురు కూరగాయలు సిటీకి తోలే బండివాడు. బంద్ వల్ల బండి ఖాళీగా ఉంది.

"మామా, అమ్మకు నిన్నటి నుంచి ఒంటికి వస్తలేదు. పొట్ట కుండ తీరు ఉబ్బింది. జర బండి కట్టవా?"

మామా అన్న మాటకు పేతురు ఉలిక్కిపడి వాకిట్లో ఎవరైనా విన్నారేమోనని చూశాడు. అక్కను చూడడానికి ఏడాదికి ఒకటి రెండుసార్లు, ఎవరికీ చెప్పకుండా వెళ్లేవాడు. మరుక్షణమే ఎడ్లను విప్పుకొచ్చాడు.

"సిటీకి పోనియ్యరు. చేవెళ్ల తొవ్వల దొరసాని దవాఖాన ఉన్నది గద, గాడికి పోదాం" అన్నాడు.

బండిలో గడ్డి పరిచి, పైన చాప వంచి కట్టి, సాలమ్మను పడుకోబెట్టారు. సక్కుబాయి తడిబట్ట ఆమె నుదుటి మీద అద్దుతూ కూర్చుంది. బండి కదిలాక సాలమ్మకు నొప్పి దూరంగా, పక్కింట్లో ఎవరిదో నొప్పిలాగా వినిపించసాగింది. కళ్లు తెరిస్తే రోడ్డు చివర నీళ్లు తళతళలాడుతున్నాయి. బండి ముందుకు పోయేకొద్దీ ఆ నీళ్లూ వెనక్కి జరుగుతున్నాయి. ఆ నీళ్ల మీద పిల్లలు నడిచి వస్తున్నారు. తాను ఎత్తుకున్న పిల్లలందరూ, ఎత్తుకున్న నాటి అంతే చిన్నవాళ్లు, నూనె రాసిన ఒంటితో, పాదాలు తడవకుండా వస్తున్నారు. ఒక్కొక్కరి నుదుటి మీద ఊదాలని ఆమె నోరు తెరిచింది. ఊపిరి వేడిగా వచ్చింది.

"అమ్మా, ఎవరితోని మాట్లాడుతున్నవు?" అంది సక్కుబాయి.

"ఇంత మందిని ఎండల ఎందుకు తోలిండ్రే" అంది సాలమ్మ.

ఒక అడ్డరోడ్డు దగ్గర విద్యార్థులు తుమ్మకొమ్మలు నరికి అడ్డం వేశారు. "బండ్లు గూడ బంద్" అన్నాడు ఒకడు. పేతురు దిగి, "ఆపదున్నది బిడ్డా" అన్నాడు. ఇంకొకడు చాప ఎత్తి చూసి, నవ్వాలో వద్దో తెలియక చాప వదిలేశాడు. "జై తెలంగాణ అనుండ్రి, పోదురు" అన్నారు. పేతురు అన్నాడు. సక్కుబాయి అంది. చాప లోపలి నుంచి సాలమ్మ కూడా అంది. జ్వరంలో ఆమెకు ఆ మాట జోలపాటలో చరణంలా వచ్చింది, చివర్న సాగదీసి, ఊపుతూ పలికింది. కొమ్మలు లాగుతున్న పిల్లల చేతులు ఒక్క క్షణం ఆగాయి.

దొరసాని దవాఖాన పాతకాలపు బంగళా. ఎవరో దొరసాని పెనిమిటి పేరు మీద కట్టించిందట. ఎడమన మగవాళ్ల వార్డు, కుడిన ఆడవాళ్ల వార్డు, నడుమ పొడుగాటి వరండా. వాకిట్లో వేపచెట్టు, దాని కింద డాక్టరు జీపు.

"పేషెంటు ఎవరు నీకు?" అని కంపౌండరు అడిగాడు.

"మా అక్క" అన్నాడు పేతురు. ఆ మాట పదిమందిలో అనడం అతనికి అదే మొదలు.

అక్క అన్నాడు గనుక ఆడవాళ్ల వార్డుకు తీసుకుపోయారు. ఖాళీ మంచం మీద పడుకోబెట్టీ పెట్టకముందే కోడలి కాన్పుకు వచ్చిన ఒక ముసలామె లేచి నిలబడింది. "ఈమె ఆడిది కాదు. నాకెరుకే. పచ్చి బాలింతలున్నరు ఈడ. బయటికి తీయుండ్రి" అంది. మిగతా ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు.

ఆమెను మగవాళ్ల వార్డుకు మోశారు. అక్కడ ఒకడు ఈలవేశాడు. ఇంకొకడు మంచం మీది నుంచే చీరకొంగు పట్టి గుంజి, "కొజ్జాకు మా నడుమ పడకేస్తరా?" అని నవ్వాడు. ఆ వార్డులోనే చేవెళ్ల వకీలు సంగయ్య పడుకుని ఉన్నాడు. తాలూకా ఆఫీసు ముందు నిరాహారదీక్ష చేసి పడిపోతే తెచ్చి గ్లూకోజు ఎక్కిస్తున్నారు. అప్పటిదాకా చూడవచ్చిన వాళ్లతో తెలంగాణకు రావలసిన రక్షణల గురించి మాట్లాడుతున్నాడు. నవ్వులు విని అటు చూశాడు. చీర జారిపోయిన ఆ మనిషిని చూశాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇక వరండాలో కిందనే పడుకోబెట్టారు. రెండు తలుపుల మధ్య, చల్లటి బండల మీద.

డాక్టరు వచ్చాడు. ఈ తాలూకావాడే, నలభై లోపు మనిషి. కోటు మీద జై తెలంగాణ బ్యాడ్జి పెట్టుకున్నాడు. చేతికర్రతో చీర పైకి లేపి చూసి, కంపౌండరును పిలిచాడు, ఆయాను పిలిచాడు. "చూడుండ్రి, మళ్ల దొరకదు ఇట్లాంటిది" అన్నాడు. వాళ్లు వంగి చూశారు. సాలమ్మ కళ్లు మూసుకుంది. సక్కుబాయి తన పైట విప్పి ఆమె మీద కప్పి, అట్లాగే అడ్డంగా కూర్చుంది.

"ఇది మా దగ్గర అయ్యే పని కాదు. సిటీకి తీసుకపో" అన్నాడు డాక్టరు.

"సిటీల కర్ఫ్యూ గద సారూ."

"కర్ఫ్యూ నేను పెట్టిన్నా?"

"మా ఊరి ముసలాయనకు ఒంటికి బంద్ అయితే మీరే పైపు ఏసిండ్రు. మంచిగయిండు" అన్నాడు పేతురు.

"ఆయనకు మగవార్డుల మంచమున్నది. ఈమెకు మంచం ఏడున్నది? ఏ వార్డుల లేని పేషెంటును నేనెట్ల చూడాలె? రూల్ లేదు."

"చూడొద్దని రూలున్నదా సారూ?"

డాక్టరు గదిలోకి వెళ్లిపోయాడు.

పేతురు వాకిట్లోకి నడిచాడు. ఎడ్లను విప్పి వేపచెట్టుకు కట్టేశాడు. ఖాళీ బండిని భుజం పెట్టి నెట్టి, గేటుకు అడ్డంగా నిలిపి, చక్రాల కింద రాళ్లు పెట్టి, కాడి మీద కూర్చున్నాడు. డాక్టరు ఇంటికి పోయే పొద్దయింది. జీపు లోపల ఉంది. కంపౌండరు పరుగెత్తుకొచ్చి, "బండి తియ్యవయ్యా" అన్నాడు.

"తియ్య. దేశమంత బంద్ చేస్తున్నది. నేను గూడ చేస్తున్న."

ఇటు వరండాలో సాలమ్మ మళ్లీ ఎటో వెళ్లిపోయింది. ఇప్పుడు ఎండ లేదు. బండల చల్లదనం ఒంట్లోకి ఎక్కి, ఎండిపోయిన ఈసీ వాగు ఇసుకలో పడుకున్నట్టు ఉంది. ఇసుక కింద ఎక్కడో నీళ్లు కదులుతున్నాయి. పైకి రావడానికి దారి వెతుక్కుంటూ, ఆమె వెన్నుకు తగులుతూ, వెనక్కి మళ్లుతున్నాయి. వాగు ఒడ్డున ఒక తొట్టెల, దాన్ని ఊపేవాళ్లు లేరు. ఆమె పడుకున్నచోటే జోల అందుకుంది. సన్నగా, తెగిపోతూ, మళ్లీ అతుక్కుంటూ ఆ పాట కిటికీలోంచి ఆడవాళ్ల వార్డులోకి వెళ్లింది.

వార్డులో అంతమ్మ అనే బాలింత ఉంది. రెండో కాన్పు, ఆడపిల్ల. పాట విని తల ఎత్తింది. బిడ్డను పక్కన పడుకోబెట్టి, గోడ పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చి చూసింది. వెనక్కి తిరిగి ముసలామెతో అంది:

"అవ్వా, మా పెద్దోని తొట్టెలప్పుడు ఈమెనే పాడింది. నీ మనుమనికి పాడలేదా?"

"పాడితే? పాట వేరు, పక్కమంచం వేరు."

"బిడ్డను చేతులకిచ్చినప్పుడు ఆడా మగా అని అడుగలే. ఇప్పుడెందుకు అడుగుతున్నం?"

ముసలామె మొహం తిప్పుకుంది. అంతమ్మ తన మూటలోంచి చీర తీసింది. వరండా చివర రెండు స్తంభాలకు తాడు కట్టమని సక్కుబాయికి చెప్పింది. ఒక చీర చాలలేదు. వార్డులోంచి ఇంకొకామె తనది ఇచ్చింది. మరొకామె ఇంకొకటి కిటికీలోంచి విసిరింది. ముసలామె ఇవ్వలేదు, అడ్డమూ చెప్పలేదు. పసుపూ నీలమూ ఎరుపూ చీరల గోడలు లేచాయి. ఆడవాళ్ల వార్డులోని ఖాళీ మంచాన్ని ఆయాతో కలిసి వాటి మధ్యకు లాక్కొచ్చారు.

అంతమ్మ వెళ్లి డాక్టరు గది ముందు నిలబడింది. "సారూ, మంచమున్నది" అంది.

డాక్టరు బయటికి వచ్చి చూశాడు. గేటులో బండి, బండి మీద పేతురు. వరండా చివర గాలికి ఊగుతున్న చీరలు. తరువాత చేతులు కడుక్కోవడానికి నీళ్లు పెట్టమన్నాడు.

అతను పని మొదలుపెట్టాడు. చేయి తిరిగినవాడే. సన్నటి గొట్టం ఒకటి వంగిపోతే ఇంకా సన్నది తీసుకున్నాడు. సాలమ్మ సక్కుబాయి చేతిని ఎముకలు నలిగేలా పట్టుకుంది. ఒక్కసారిగా ఒళ్లంతా వదులైపోయింది. పడమటి ఎండ చీరల్లోంచి వడగట్టుకుని ఆమె ముఖం మీద పసుపుగా, నీలంగా పడుతోంది. వాగు ఇసుకను పగలగొట్టుకుని పైకి వచ్చింది. తొట్టెల తేలిపోయింది, మామిడితోటలు తేలిపోయాయి, రోడ్డు మీది తుమ్మకొమ్మలన్నీ నీళ్ల మీద తేలుతూ పోయాయి. తాను కూడా తేలుతోంది. ఎటు పోతున్నానన్న ఫికరు లేదు. ఆమె ఏడుస్తూ నిద్రపోయింది.

పేతురు దిగి చక్రాల కింది రాళ్లు తీశాడు.

సాలమ్మ ఆ చీరల గదిలోనే కోలుకుంది. చాటుగా తొంగిచూసేవాళ్లు మానలేదు గాని ఈలలు ఆగాయి. ఒక సాయంత్రం వకీలు సంగయ్య గోడ పట్టుకుంటూ వచ్చి చీర బయటి నుంచే దగ్గాడు.

"లోపటికి రా వకీలు సాబూ. గిది దవాఖాననే" అంది సాలమ్మ.

అతను స్టూలు మీద కూర్చున్నాడు. "ఆ దినం నేను ఆ వార్డులనే ఉన్న. చూసి గూడ నోరు తెర్వలే" అన్నాడు.

"నీ గొంతు యాదికున్నది నాకు. రక్షణలు, రక్షణలు అని చెప్తున్నవు. జరంల గది ఏదో మందు పేరు అనుకున్న." ఆమె మెల్లగా నవ్వింది. "అసలు రక్షణంటే ఏంది?"

అతను చెప్పాడు. రాష్ట్రం కలిసినప్పుడు ఇక్కడివాళ్లకు అన్యాయం జరగకుండా కొన్ని హామీలు రాసుకున్నారనీ, ఇక్కడి కొలువులు ఇక్కడివాళ్లకే ఇస్తామన్నారనీ, పదమూడేళ్లుగా అవి కాగితం మీదే ఉన్నాయనీ, అందుకే ఈ లొల్లి అంతా అనీ చెప్పాడు.

"మీయి కాయితం మీదనన్న ఉన్నయి" అంది సాలమ్మ. "మాకు ఏమన్న చట్టమున్నదా?"

సంగయ్య తల వంచుకుని అన్నాడు: "ఉన్నది. నిజాం జమానాలది. మీ పేర్లు సర్కారు రాసిపెట్టుకోవాలె. ఆడబట్టలు కట్టుకొని బజార్ల కనబడితే, పాడితే, ఆడితే, వారెంటు లేకుండ పట్టుకపోవచ్చు. ఇంక రద్దు కాలే అది."

సాలమ్మ చీరల మీది వెలుగును చూసింది. "పట్టుకపోయెటందుకు చట్టమున్నది" అంది. "పండబెట్టెటందుకు లేదు."

ఆ మాట సంగయ్యను నిద్రపోనివ్వలేదు. మర్నాడు కాగితాలు తెప్పించుకుని సర్కారుకు అర్జీ రాశాడు. పాత చట్టం తీసెయ్యాలనీ, ఏ మనిషి వచ్చినా ఏ దవాఖానా తిప్పి పంపకుండా కొత్త చట్టం చేయాలనీ రాశాడు. అంతమ్మ వేలిముద్ర వేసింది. చీరలు ఇచ్చినవాళ్లూ వేశారు. దవాఖాన నుంచి బయటపడ్డాక దీక్షా శిబిరంలో సంగయ్య దాన్ని చదివి వినిపించాడు. కొందరు నవ్వారు. పెద్దమనిషి ఒకాయన, "సంగయ్యా, గివన్ని తెలంగాణ వచ్చినంక చూద్దాం" అన్నాడు. వెనక వరసలో కూర్చున్న సాలమ్మ లేచి, చీరకున్న మట్టి దులుపుకుని వచ్చేసింది. వారం తిరగకుండానే సంగయ్యను అరెస్టు చేసి జైలుకు తీసుకుపోయారు. అర్జీకి జవాబు రాలేదు.

వానలు మొదలయ్యాయి. దవాఖానలో డాక్టరు మారాడు. అంతమ్మ బిడ్డతో ఇంటికి వెళ్లిపోయింది. చీరలు ఎవరివి వాళ్లింటికి వెళ్లిపోయాయి.

అప్పుడు సక్కుబాయికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. పేతురు వానలోనే బండి కట్టాడు. దవాఖాన మెట్ల మీద కొత్త డాక్టరు గొడుగు కింద నిలబడి, ఏ వార్డు అని అడిగాడు. సాలమ్మ వరండా చివరి స్తంభాలను చూపించింది. "ఆడ నన్ను పండబెట్టిండ్రు సారూ, ఎండకాలంల" అంది. అతనికేమీ అర్థం కాలేదు. పేతురు బండిని గేటుకు అడ్డం పెట్టాడు. ఈసారి పోలీసులను పిలిచారు. వాళ్లు బండి తీయించి, చీర కట్టుకుని బజార్లో తిరుగుతున్నావేమని సాలమ్మను చాలాసేపు నిలబెట్టి అడిగారు.

వాళ్లు వదిలిపెట్టాక పేతురు బండిని సిటీకి మళ్లించాడు. గండిపేట దాకా పోయేసరికి సక్కుబాయికి దాహం తెలియకుండా పోయింది. ఆమె తల సాలమ్మ ఒడిలో ఉంది. చాప అంచు నుంచి వాన కారుతోంది, దాని అవతల చెరువూ ఆకాశమూ ఒకే బూడిదరంగులో కలిసిపోయి, రోడ్డు ఎక్కడుందో తెలియడం లేదు.

"అమ్మా, మనం పడవల పోతున్నమా?"

"అవునే."

"మంచిగున్నది" అంది సక్కుబాయి. ఆ తరువాత మాట్లాడలేదు.

పేతురు ఎడ్లను ఆపలేదు. ఆపితే నిజమైపోతుందన్నట్టు చాలాదూరం తోలి, చివరికి వెనక్కి తిప్పాడు. ఎంకపల్లి సమాధుల తోట అంచున అతనే గుంత తవ్వాడు. ఊరి క్రైస్తవ పెద్దలు కొందరు అడ్డు చెప్పబోయారు. "మా అక్క బిడ్డ" అన్నాడు. వాళ్లు ఊరుకున్నారు.

సంగయ్య జైలు నుంచి వచ్చాక, సాలమ్మ చేవెళ్లలో అతని ఆఫీసు వెతుక్కుంటూ పోయింది. చిన్న గది, బయట బల్ల మీద కక్షిదారులు. ఆమె వస్తుంటే వాళ్లు పక్కకు జరిగారు, చోటిచ్చారో దూరమయ్యారో తెలియలేదు. సంగయ్య ఆమెను లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. జరిగింది ఆమె చెప్పింది. అతను విన్నాడు. కిటికీ అవతల తడిసిన చింతచెట్టు మీద ఎండ వచ్చింది.

"పోయినసారి రాసింది ఏడికి పోయిందో తెల్వదు సాలమ్మా. మళ్ల రాసినా గంతే కావచ్చు" అన్నాడు.

"కానీ. నువ్వు రాయి." ఆమె గొంతు పాట పాడేటప్పటిలాగే నెమ్మదిగా ఉంది. "ఆ దినం నాకు మంచోళ్లు దొరికిండ్రు. అంతమ్మ దొరికింది. మా తమ్ముడుండె. ఆ డాక్టరుకు గూడ ఎట్లనో మనసు కరిగింది. అందుకే బతికిన. నా బిడ్డకు మంచోళ్లు దొరకలే. మంచోళ్లు లేనినాడు గూడ ఆ తలుపు తెరుచుకోవాలె వకీలు సాబూ. గందుకే చట్టం కావాలె. గట్ల రాయి."

"ఎట్ల మొదలుపెట్టాలె?"

"పేరుతోని. సక్కుబాయి అని రాయి. ఏం వయసని అడుగుతరేమో, ఇరవై దాటలేదని రాయి. మల్లెపూలంటే పానమని రాయి."

"అర్జీల గవి రాయరు సాలమ్మా."

"రాయి" అంది ఆమె.

అతను కలం తీసుకుని రాశాడు. బయట ఎవరో బల్ల మీద నుంచి లేచి తలుపు దగ్గరికి వచ్చి వింటున్నారు. సాలమ్మ చెబుతూ పోయింది. సక్కుబాయి ఎట్లా నవ్వేదో, చప్పట్లు కొట్టడం ఎంత చెప్పినా సరిగా రాకపోయేదో, వానలో పడవ ఎక్కినట్టు ఎట్లా పోయిందో, ఒక్కటీ వదలకుండా చెప్పింది. అతను ఒక్క మాటా కొట్టేయలేదు.